లైన్‌క్లియర్: స్తంభం ఎక్కే మనిషికి ఇచ్చే మాట

మీ ఊరికి కరెంటు ఎప్పుడు వచ్చిందని పెద్దవాళ్ళను అడిగి చూడండి. ఏదో ఒక గుర్తు చెబుతారు. ఫలానా మంత్రిగారు వచ్చి స్విచ్చి వేశారని ఒకరు, ఆ సంవత్సరమే బావికి మోటారు పెట్టామని మరొకరు అంటారు. ఆనకట్ట కట్టించిన దివాన్ల పేర్లు, ప్రారంభించిన నాయకుల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. స్తంభాలు పాతి, తీగలు లాగి, గాలివానలో తెగిన తీగను మళ్ళీ కలిపినవాళ్ళ పేర్లు మాత్రం ఏ ఫలకం మీదా కనిపించవు. వాళ్ళలో కొందరు ఆ తీగ మీదనే ప్రాణాలు వదిలారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కరెంటు సంగతి మనకంటే లైన్‌మన్‌కే బాగా తెలుసు. ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో అతనికి రోజూ చేసే పని. మరి అంత తెలిసినవాడే కరెంటుకు ఎందుకు బలవుతున్నాడు? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి, నూరేళ్ళకు పైబడిన చరిత్రలోకి వెళితే ఒక సంగతి తేలుతుంది. చాలా ప్రమాదాలకు మూలం తెలియకపోవడం కాదు. పైన పనిచేసేవాడికీ, కింద స్విచ్చి దగ్గర ఉన్నవాడికీ మధ్య మాట తప్పిపోవడం. ఆ మాటకు మన సబ్‌స్టేషన్లలో ఉన్న పేరు లైన్‌క్లియర్. పొట్టిగా ఎల్.సి. అంటారు.

దక్షిణ దేశంలో ఈ కథ మన సరిహద్దు సీమలోనే మొదలైందని చెప్పుకోవచ్చు. కావేరి నది మీద శివనసముద్రం దగ్గర మైసూరు సంస్థానం జలవిద్యుత్ కేంద్రం కట్టింది. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో తలపెట్టిన పని అది. 1902 జూన్‌లో అక్కడి కరెంటు కోలారు బంగారు గనులకు చేరింది. మధ్య దూరం 92 మైళ్ళు, అంటే దాదాపు 147 కిలోమీటర్లు. తీగలో ఒత్తిడి 30 వేల ఓల్టులకు పైమాటే. అంత దూరం విద్యుత్తును మోసుకుపోయిన తీగలు ఆ రోజుల్లో ప్రపంచం మొత్తం మీద బహు తక్కువ. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తరువాత మూడేళ్ళకు, 1905లో. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి గాని, ఆ గనుల్లో పనిచేసిన తెలుగు, తమిళ కుటుంబాల వారసులు నేటికీ ఆ ప్రాంతంలో ఉన్నారు. ఈ ప్రసంగం వింటున్నవారిలో కూడా కొందరు ఉండవచ్చు.

ఆ 92 మైళ్ళ తీగను ఒకసారి మనసులో ఊహించుకోండి. ఒక కొసన నది, ఇంకో కొసన గని. నడుమ ఎక్కడో పొలాల్లో, గుట్టల్లో ఒక మనిషి స్తంభం ఎక్కి ఉంటాడు. స్విచ్చి అతని కంటికి కనబడదు. అతను పిలిస్తే వినిపించే దూరంలో స్విచ్చి వేసేవాడు ఉండడు. తీగను చూసి అందులో కరెంటు ఉందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఉన్న తీగా, లేని తీగా ఒక్కలాగే ఉంటాయి. పాముకు పడగ ఉంటుంది, నిప్పుకు వేడి ఉంటుంది, తీగకు ఏ గుర్తూ లేదు. కనుక అతని ప్రాణం పూర్తిగా ఇంకొకరి మాట మీద ఆధారపడి ఉంటుంది. దూరాలకు కరెంటు పంపడం నేర్చుకున్న రోజునే మనిషికి ఈ ఇబ్బంది కూడా వచ్చిపడింది.

కోలారు తీగ పడేనాటికే పాశ్చాత్య దేశాలు ఈ పాఠాన్ని ప్రాణాలిచ్చి నేర్చుకుంటున్నాయి. న్యూయార్కు నగరంలో 1889 అక్టోబరులో ఒక టెలిగ్రాఫ్ లైన్‌మన్ పట్టపగలు, నడివీధిలో, జనం చూస్తుండగా తీగల మధ్య చిక్కుకుని చనిపోయాడు. అతను ముట్టుకున్నది టెలిగ్రాఫ్ తీగే. దానిలో ప్రాణం తీసేంత కరెంటు ఉండదు. కాని అదే వీధిలో వేరే కంపెనీల దీపాల తీగలు కూడా ఉన్నాయి. ఎక్కడో ఒకటి దీనికి తగిలి ఆ కరెంటు ఇందులోకి వచ్చింది. అతని శరీరం చాలాసేపు తీగల మీదనే ఉండిపోయింది. ఆ దృశ్యం చూసిన జనం మండిపడ్డారు. నగరంలో తీగలను నేల కిందికి దించే పని అప్పుడు వేగం అందుకుంది.

రెండేళ్ళకు, 1891లో, సెయింట్ లూయీ నగరంలో విద్యుత్ కార్మికులు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ స్వయంగా లైన్‌మన్. ఊరూరా తిరిగి, తోటివారికి భద్రత కావాలని, పని నేర్పి గాని స్తంభం ఎక్కించవద్దని చెప్పిన మనిషి. 1896లో వాషింగ్టన్‌లో పనిచేస్తూ షాకు తగిలి స్తంభం మీది నుంచి పడి ఆయన కూడా మరణించాడు. పని తెలిసినంత మాత్రాన ప్రాణానికి రక్ష లేదనడానికి ఇంతకంటే దృష్టాంతం అక్కరలేదు.

ఇక మన దేశంలో చట్టాల సంగతి చూద్దాం. విద్యుత్తు గురించి మన దేశంలో వచ్చిన మొదటి చట్టం 1887 నాటిది. అప్పటికి డార్జిలింగ్ జలవిద్యుత్ కేంద్రం కూడా లేదు. అది 1897లో వచ్చింది. ఆ మొదటి చట్టం చేసింది ధరల కోసం కాదు, లైసెన్సుల కోసం కాదు. విద్యుత్తు వల్ల మనుషులకూ ఆస్తులకూ హాని కలగకుండా చూడటానికి. ఆ తరువాత 1903లో ఒక చట్టం, 1910లో మరొక చట్టం వచ్చాయి. 1910 చట్టం చాలా కాలం నడిచింది. విద్యుత్తు వల్ల ప్రాణం పోతే ఆ సంగతి ప్రభుత్వ విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేసి తీరాలని అందులో ఉంది. దాని స్థానంలో వచ్చిన 2003 చట్టంలో కూడా ఆ ఏర్పాటు అలాగే ఉంది.

పోయిన ప్రాణానికి పరిహారం మాట 1923లో వచ్చింది. ఆ సంవత్సరం చేసిన కార్మిక నష్టపరిహార చట్టం తన జాబితాలో టెలిగ్రాఫ్ తీగల మీద, విద్యుత్ తీగల మీద, స్తంభాల మీద పనిచేసేవారిని ప్రత్యేకంగా చేర్చింది. అంటే ఈ పని ప్రాణాపాయమైన పని అని నూరేళ్ళ కిందటే ప్రభుత్వం ఒప్పుకున్నదన్న మాట. ఆ చట్టంలోని సంగతులను 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలో కలిపారు.

ఈలోగా తీగలు నలుదిక్కులా పాకాయి. పడమట 1915లో టాటా వారి ఖోపోలీ కేంద్రం నుంచి బొంబాయి మిల్లులకు కరెంటు వచ్చింది. ఆ మిల్లుల్లో నేత పని చేసిన తెలుగువాళ్ళ కుటుంబాలు ఆ నగరంలో నేటికీ ఉన్నాయి. దక్షిణాన నీలగిరులలో పైకారా 1932లో, మెట్టూరు 1937లో మొదలయ్యాయి. ఉత్తరాన ఒడిశా, ఆంధ్ర రాష్ట్రాలు కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో పనిచేయసాగింది. సరిగ్గా రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్న కేంద్రం అది. ఆ తరువాత పల్లెలకు కరెంటు, బావులకు మోటార్లు వచ్చాయి. తీగ ఊరి చివర ఆగకుండా చేను గట్టుదాకా వచ్చింది. ఒకప్పుడు ఒక్క తీగ, రెండు కొసలు. ఇప్పుడు సాలెగూడు. ఒకే స్తంభం మీద రెండు ఫీడర్లు, పైన 11 వేల ఓల్టుల తీగ, కింద ఇళ్ళకు పోయే తీగ. ఒకవైపు ఆపితే ఇంకోవైపు నుంచి కరెంటు వచ్చే వీలుంది. మాట తప్పడానికి దారులు పెరిగాయి.

ఈ దశలో వచ్చినవే 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు. వాటిలో మూడింటిని మీకు మనవి చేస్తాను. మొదటిది తీగ మీద పని గురించి. తీగను ముట్టుకోబోయే ముందు దాన్ని భూమికి కలిపి, అందులో మిగిలిన విద్యుత్తును వదిలించాలి. మనిషి పనిలో ఉండగా పొరపాటున మళ్ళీ కరెంటు రాకుండా కట్టుదిట్టం చేయాలి. చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, నడుము బెల్టు, నిచ్చెన, హెల్మెట్, టెస్టరు అతనికి ఇవ్వాలి. రెండవది మనమందరం చూసే ప్రమాద సూచిక. పుర్రె, ఎముకల బొమ్మతో పాటు ఆ జిల్లా భాషలో కూడా హెచ్చరిక రాయాలి. మూడవది, షాకు తగిలినవాడిని ఎలా బతికించాలో తెలిపే సూచనలను సబ్‌స్టేషన్లలో, కార్ఖానాలలో అందరికీ కనబడేచోట, అవి కూడా స్థానిక భాషలో అంటించాలి. 2010లోనూ, మళ్ళీ 2023లోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చింది. తీగను ఆపి, భూమికి కలిపి, అప్పుడే పని మొదలుపెట్టాలన్న మూల సూత్రం మాత్రం అదే.

జిల్లా భాష అన్న మాట దగ్గర సరిహద్దు జిల్లాలవాళ్ళం మనం కాసేపు ఆగాలి. కోలారులో కన్నడంలో రాస్తారు. హోసూరులో తమిళంలో, రాయగడలో ఒడియాలో రాస్తారు. చదవవలసిన మనిషి ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు కావచ్చు. బొమ్మ చూసి అపాయమని గ్రహిస్తాడు గాని, షాకు తగిలినవాడికి ఏం చేయాలో బొమ్మ చెప్పదు. యానాం సంగతి చూడండి. అక్కడి తీగలు పుదుచ్చేరి విద్యుత్ శాఖవి, చుట్టూ ఉన్న తీగలు ఆంధ్రప్రదేశ్‌వి. ఇలాంటి చోట్ల మాట ఒక కార్యాలయం నుంచి ఇంకొక కార్యాలయానికి దాటవలసి వస్తుంది. అలా దాటేచోట మరీ గట్టిగా ఉండాలి.

మరి ఆ మాటను గట్టి చేయడం ఎలా? రైల్వేలో కూడా లైన్‌క్లియర్ అన్న మాట ఉంది. ఒంటి పట్టాల మీద రెండు రైళ్ళు ఎదురుపడకుండా, డ్రైవరు చేతికి టోకెన్ ఇచ్చేవారు. ఆ టోకెన్ చేతిలో లేనిదే రైలు కదలదు. మాటను వస్తువుగా మార్చారన్న మాట. కరెంటు పనిలో కూడా పద్ధతి ఇంచుమించు అదే. పని చేయవలసినవాడు ఏ ఫీడరు మీద, ఎక్కడ పనిచేస్తాడో చెప్పి ఎల్.సి. అడుగుతాడు. సబ్‌స్టేషన్ ఆపరేటరు ఆ ఫీడరు ఆపి, స్విచ్చికి తాళం వేసి, మనుషులు పనిలో ఉన్నారన్న బోర్డు తగిలించి, పుస్తకంలో సమయం, పేరు రాసి, నంబరు ఇస్తాడు. ఇవతల లైన్‌మన్ ఏబీ స్విచ్చి విప్పి, మూడు బ్లేడ్లూ విడిపోయాయని కళ్ళతో చూసుకుంటాడు. టెస్టరు పెట్టి చూస్తాడు. తాను పనిచేసే చోటికి రెండు పక్కలా ఎర్త్ రాడ్లు వేస్తాడు. పని అయ్యాక అందరూ దిగారని లెక్క చూసుకుని, రాడ్లు తీసి, ఎల్.సి. తీసుకున్నవాడే దాన్ని తిరిగి ఇస్తాడు. అప్పుడే స్విచ్చి వేస్తారు.

ఇవన్నీ వింటుంటే మీకు విసుగనిపించవచ్చు. కాని ఒక్కొక్క మెట్టు తీసేసి చూడండి. తాళం లేకపోతే డ్యూటీ మారిన కొత్త ఆపరేటరు తెలియక స్విచ్చి వేస్తాడు. బ్లేడ్లు చూసుకోకపోతే మూడింటిలో ఒకటి అతుక్కునే ఉంటుంది. ఫీడరు పేరు సరిగా చెప్పకపోతే ఒకటి ఆపి ఇంకొకటి ముట్టుకుంటారు. అరగంటలో అయిపోతుంది, తరువాత వేసెయ్యి అని సమయం చెప్పి పెట్టుకుంటే, పని ముప్పావుగంట పడుతుంది. ఆ మిగిలిన పావుగంటే మృత్యువు. చేతికి సెల్‌ఫోను వచ్చాక, "అన్నా, ఐదు నిమిషాలు ఎల్.సి. ఇవ్వన్నా" అని నోటిమాటతో పని ముగించే అలవాటు కూడా వచ్చింది. పుస్తకంలో రాత లేదు, నంబరు లేదు, తాళం లేదు. మిగిలింది నోటి మాట ఒక్కటే. నూరేళ్ళు కష్టపడి గట్టి చేసుకున్నదాన్ని మళ్ళీ గాలిమాట చేసుకోవడం ఇది.

ఇక ఎర్త్ రాడ్ సంగతి. అన్ని మాటలూ తప్పినా మనిషిని కాపాడే చివరి దిక్కు అది. తీగను భూమికి కలిపి ఉంచితే, ఎక్కడినుంచి కరెంటు వచ్చినా అది భూమిలోకి పోతుంది, ఫ్యూజు పోతుంది. ఎక్కడినుంచి అంటే, సబ్‌స్టేషన్ నుంచే రానక్కరలేదు. ఊళ్ళో కరెంటు పోగానే ఎవరో ఒక దుకాణంలో జనరేటరు వేస్తారు. మెయిన్ స్విచ్చి మార్చే ఏర్పాటు లేకపోతే ఆ కరెంటు వెనక్కి నడిచి, ట్రాన్స్‌ఫార్మరులో పడి, 11 వేల ఓల్టులుగా పెరిగి, స్తంభం మీదివాడి చేతికి తగులుతుంది. ఇన్వర్టరు తప్పుగా బిగించినా ఇదే అపాయం. దుకాణదారుకు అతను ఎవరో తెలియదు. అతనికి దుకాణం ఎక్కడో తెలియదు.

షాకు ఎంతలో ప్రాణం తీస్తుందో కూడా తెలుసుకోండి. ఇంట్లో 60 వాట్ల బల్బు వెలగడానికి ఆంపియరులో పావు వంతు కరెంటు కావాలి. అందులో సగం కూడా అక్కరలేదు. ఆంపియరులో పదో వంతు శరీరం గుండా పోతే గుండె లయ తప్పడానికి చాలు. అలా లయ తప్పిన గుండెను మళ్ళీ దారిలో పెట్టే విద్య కూడా లైన్‌మన్ల చావుల నుంచే పుట్టిందని చాలామందికి తెలియదు. అమెరికాలో లైన్‌మన్లు ఎక్కువగా చనిపోతుండటం చూసి, అక్కడి విద్యుత్ కంపెనీలు 1920ల చివర పరిశోధనకు డబ్బిచ్చాయి. ఆ పనిలో దిగిన విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఎన్నో ఏళ్ళ శ్రమ తరువాత 1960లో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ సంస్థలో ఆయన, మరి ఇద్దరు కలిసి, ఛాతీ కోయకుండానే పైనుంచి రెండు చేతులతో నొక్కి గుండెను ఆడించవచ్చని లోకానికి తెలియజేశారు. ఈనాడు ఆసుపత్రులలో, పాఠశాలలలో నేర్పుతున్న సి.పి.ఆర్. పద్ధతి అదే.

1967లో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో ఒక లైన్‌మన్‌కు స్తంభం మీద షాకు తగిలి, బెల్టుకు తలకిందులుగా వేలాడిపోయాడు. తోటి లైన్‌మన్ పరుగున ఎక్కి, అక్కడే, గాలిలోనే, నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదాడు. ఆ మనిషి బతికాడు. ఆ దృశ్యాన్ని రోకో మొరాబిటో అనే పత్రికా ఛాయాగ్రాహకుడు తీసిన ఫోటోకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఫోటో గొప్పతనం అలా ఉంచండి. పక్కన ఒక మనిషి ఉన్నాడు, అతనికి ఏం చేయాలో తెలుసు. అందుకే ప్రాణం నిలిచింది. ఒంటరిగా స్తంభం ఎక్కించకూడదన్నది ఇందుకే.

మన దగ్గర 1990ల నుంచి ఇంకొక మార్పు వచ్చింది. ఒడిశాలో 1996లో, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో 1999లో, మహారాష్ట్రలో 2005లో, తమిళనాడులో 2010లో పాత విద్యుత్ బోర్డులను విడదీశారు. అదే కాలంలో స్తంభం ఎక్కే పని చాలావరకు కాంట్రాక్టు మనుషుల చేతికి వెళ్ళింది. ఎల్.సి. తీసుకునేది ఒకరు, పైకి ఎక్కేది ఇంకొకరు. పైకి ఎక్కేవాడి పేరు పుస్తకంలో ఉండకపోవచ్చు. ఇంకా కొన్ని ఊళ్ళలో జీతం లేని సహాయకుడు ఒకడుంటాడు. ఫ్యూజు వేయమంటే వేస్తాడు, ఎక్కమంటే ఎక్కుతాడు. అతనికి బెల్టు లేదు, తొడుగులు లేవు. అతనికి ఏమైనా అయితే, అతను మా మనిషి కాదని అనడం సులువు. ప్రమాదం జరిగినప్పుడు చట్టం అడిగే మొదటి ప్రశ్న, ఆ పని చేయడానికి ఇతనికి అధికారం ఎవరిచ్చారని. ఆ కాగితం లేని కుటుంబం పరిహారం కోసం ఎన్ని మెట్లు ఎక్కాలో మీరే ఊహించండి.

తీగ ఆపకుండానే పనిచేసే పద్ధతి కూడా లేకపోలేదు. దానికి బెంగుళూరు దగ్గర సోమనహళ్లిలో హాట్‌లైన్ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ నేర్చుకుని, అధికారపత్రం పొంది, దానికి తగిన సామగ్రితో చేసే పని అది. ధైర్యంతో చేసే పని కాదు. లైన్‌మన్‌కు ధైర్యముందని పొగిడి, ఆపకుండా చేయమని పురమాయించడం అతనికి చేసే గౌరవం కాదు.

తుఫానులప్పుడు చూడండి, ఈ మాటకు ఇంకా విలువ పెరుగుతుంది. 2019 మే నెలలో ఫణి తుఫాను ఒడిశాను ధ్వంసం చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి కూడా విద్యుత్ సిబ్బంది అక్కడికి వెళ్ళారు. తెలియని ఊరు, తెలియని ఫీడరు, వేరే భాష. అలాంటి చోట రెండు భాషలూ వచ్చిన సరిహద్దు తెలుగువాడు ఒకడు పక్కన ఉండి, ఏ తీగ ఎక్కడినుంచి వస్తుందో విడమరచి చెబితే, అది అన్నం పెట్టినంత పుణ్యం.

ఇటీవలి సంవత్సరాలలో మార్చి 4వ తేదీని లైన్‌మన్ దివస్‌గా జరుపుతున్నారు. దండలు వేయడం మంచిదే. దానితోపాటు మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, వెంటనే వేయమని ఆపరేటరును తొందరపెట్టకండి. అతను వేయకపోవడానికి కారణం స్తంభం మీద ఉన్న మనిషి కావచ్చు. జనరేటరు, ఇన్వర్టరు పెట్టుకున్నవారు రెండు వైపులా కలవని స్విచ్చి ఉందో లేదో తెలిసినవాడితో చూపించుకోండి. మోటారు ఫ్యూజు పోయిందని ఊళ్ళో కుర్రవాడిని ట్రాన్స్‌ఫార్మరు ఎక్కించకండి. లైన్‌మన్ మీ వీధికి వచ్చినప్పుడు, "ఎల్.సి. తీసుకున్నావా అన్నా, ఎర్త్ రాడ్ వేశావా?" అని అడగండి. తప్పుపట్టడానికి కాదు, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడగండి.

షాకు తగిలినవాడు కనబడితే ముందు కరెంటు ఆపించండి. పెద్ద తీగ అయితే దగ్గరికి పోకండి, సబ్‌స్టేషన్‌కు చెప్పండి. కరెంటు ఆగిందని తేలాక, ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. 108కి ఫోను చేయించండి. డాక్టరు వచ్చేదాకా ఆపకండి.

శివనసముద్రం తీగ పడి 120 ఏళ్ళు దాటింది. ఇప్పటికీ తీగను చూసి కరెంటు ఉందో లేదో కనిపెట్టలేం. ఇప్పటికీ పైనున్నవాడు కిందివాడి మాట మీదే ఎక్కుతున్నాడు. ఆ మాటను పుస్తకంలో రాయండి, తాళం వేయండి, భూమికి కలపండి. సాయంత్రం అతను ఇంటికి చేరాలంటే ఈ మూడూ కావాలి.